గృహరక్షణ కెమెరాలు – కానరాని చిత్రములు



భిలాయి ఉక్కునగరమందలి తెలుగు కుటుంబములు సంక్రాంతికి క్వార్టరుకు తాళము వేసి, దుర్గులో విశాఖ రైలెక్కుట పరిపాటి. ఇంటికి కాపలా కెమెరాలే. తిరిగివచ్చి చూడబోగా తొలినాళ్ళ చిత్రములు కానరాకపోవచ్చును. యంత్రము చెడినదని తలంపవలదు, లెక్క చూడుడు. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున వ్రాయు కెమెరా దినమునకు 43 గిగాబైట్లు నింపును. నాలుగు కెమెరాలకు 1 టెరాబైటు డిస్కు ఆరు దినములైనను చాలదు. అటుపిమ్మట పాతవాటిపై క్రొత్తవి వ్రాయబడును. పక్షము దినములు ఊర నుండువారు పెద్ద డిస్కు పెట్టవలయును, లేదా కదలిక కలిగినపుడే వ్రాయునట్లు అమర్చవలయును. హెచ్.265 పద్ధతి స్థలమును చాల ఆదా చేయును. కాని పాత కంప్యూటరులో నల్లని తెరయే మిగులవచ్చును.

గడియారము మరింత చిక్కు. రికార్డరులోని బిళ్ళ బ్యాటరీ అయిపోయిన, కరెంటు పోయి వచ్చినపుడు తేదీ తప్పును. దొంగ వచ్చిన రాత్రి వేరొక సంవత్సరమున దాగియుండును! పోలీసులకు ఏమని చూపుదురు?

కెమెరాల చిరునామాలు స్థిరపరుపనిచో, రూటరు తిరిగి మేల్కొనిన పిదప రికార్డరుకు అవి దొరకకపోవచ్చును. వైఫై కెమెరాలకు గోడలు దాటుటకు 2.4 గిగాహెర్ట్జే మేలు. ప్రయాణమునకు ముందే ఫోనులో వైఫై ఆపి, మొబైలు డేటాతో చూడవలయును. ఇంట కనబడినంత మాత్రమున విజయనగరములో కనబడునని లేదు.