ముట్లు ఆగే కాలము ముందే వస్తే

సంఘములో ఎవరూ పైకి మాట్లాడని ఒక సంగతి ఈ ఉదయము మాట్లాడుకుందాము. సహోదరులారా, రేడియో ఆపకండి, ఇది మీ ఇంటి సంగతే.

ఉట్నూర్ చలి మీకు తెలుసు. క్రిస్మస్ రోజులలో గొంగడి కప్పుకున్నా వణుకు తగ్గదు. అలాంటి రాత్రి నలభై ఏండ్లయినా నిండని ఒక తల్లి చెమటతో తడిసి లేచి కూర్చుంటుంది. నెలసరి ఒక నెల రాదు, మరోసారి పదిహేను రోజులకే వస్తుంది. తెల్లవారితే వంట, పిల్లల బడి, అంగన్‌వాడీ పని. పత్తి కాలమైతే ఆదివారము సాయంత్రము కూడా చేనే. చిన్న మాటకే కోపము, వెంటనే కన్నీళ్లు. ఇంట్లోవారు "ఈమెకు ఏమో అయింది" అంటారు. సంఘములో కొందరు "ప్రార్థన తగ్గింది" అంటారు. ఈ రెండో మాట నాకు అసలు నచ్చదు.

ముట్లు ఆగిపోకముందు కొన్నేండ్ల పాటు హార్మోనులు హెచ్చుతగ్గులవుతాయి. మన దేశ స్త్రీలకు అవి ఆగేది సుమారు 46, 47 ఏండ్లకు; కొందరికి ఇంకా ముందే. ఇది విశ్వాసలోపము కాదు. అయితే థైరాయిడ్, రక్తహీనత ఉన్నా కొంత ఇలాగే ఉంటుంది కనుక రక్తపరీక్ష చేయించాలి. నలభైకి ముందే ముట్లు ఆగిపోతే తప్పక డాక్టరుకు చూపించాలి, ఎముకల బలము త్వరగా తగ్గుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. "పిల్లలు పుట్టారు కదా, గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది" అని మన పల్లెలలో సులభముగా అనేస్తారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశమంతటా నూటికి 3.2 మంది, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అండాశయాలు కూడా తీస్తే ఆ మార్పు ఒక్కసారిగా మీద పడుతుంది. ఉంచినా ముందుగా రావచ్చు. 2023లో సుప్రీంకోర్టు, అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలలలో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. కొందరికి ఆపరేషన్ నిజముగా అవసరమే. కాని ఆదిలాబాద్ రిమ్స్‌లోనో మరోచోటనో రెండో డాక్టరును అడగకుండా ఒప్పుకోకండి. రక్తస్రావము ఎక్కువైతే మాత్రము ఆలస్యము చేయవద్దు.

మార్కు సువార్త 5వ అధ్యాయములో పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ఉంది. వైద్యుల చేతిలో ఉన్నదంతా ఖర్చయింది, నెమ్మది లేదు. ప్రభువు ఆమెను చాటుగా పంపలేదు. అంత జనములో నిలబెట్టి, ఆమె చెప్పినదంతా విన్నాడు, కుమారీ అని పిలిచాడు. యాయీరు కుమార్తె చావుబతుకుల్లో ఉన్నా ఆగి విన్నాడు!

మనకు ఆ ఓపిక ఉందా? సహోదరులారా, ఆమె రాత్రి నిద్రపోలేదంటే పొద్దున పొయ్యి మీరు వెలిగించండి. బిందె మీరెత్తండి. అత్తమ్మలారా, మీకూ ఈ కాలము గడిచిందే, కోడలికి చెప్పండి. రాగిజావ, నువ్వులు పిల్లలకే కాదు, ఆమెకూ పెట్టండి. సంఘపెద్దలారా, స్త్రీల కూడికలో కిటికీలు తెరిచి ఉంచండి, మధ్యలో లేచి బయటికి వెళ్లిన సహోదరిని ఎందుకని అడగకండి.