రిజిస్టర్‌లో రాసే పేరు

(సూరత్‌లోని ఉన్ ప్రాంతంలో తెలుగు కార్మిక కుటుంబాల సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



పీహెచ్‌డీ అంటే ఏమిటో, ఫెలోషిప్ ఎలా వస్తుందో పిల్లలకు చెప్పమని నన్ను పిలిచారు. తప్పకుండా చెప్తాను. దానికి ముందు ఒక గది గురించి చెప్పాలి.

మొన్న చలికాలంలో నేనూ నా స్నేహితుడూ సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరికి వెళ్లాం. స్నేహితుడు అని చెప్పి ఆపేస్తే సగమే చెప్పినట్టు. నేను జీవితాంతం కలిసి బతకాలనుకుంటున్న మనిషి అతను. నేను గే. ఈ మాట యూనివర్సిటీ సెమినార్లలో చాలాసార్లు చెప్పాను. మా నాన్నతో కలిసి డైయింగ్ మిల్లులో పనిచేసిన మీ ముందు చెప్పడం ఇదే మొదటిసారి. నోరు ఎండిపోతోంది. అయినా చెప్తున్నాను.

అంతకుముందు మేం ఏ లాడ్జికి వెళ్లినా రిజిస్టర్‌లో ‘కజిన్’ అని రాసేవాళ్లం. రెండు మంచాల గది అడిగేవాళ్లం. ఈసారి వెళ్లిన రిసార్టు మాత్రం మాలాంటి వాళ్లకు స్వాగతం అని ఆన్‌లైన్‌లోనే ఇంద్రధనుస్సు జెండా పెట్టుకుంది. కౌంటర్ దగ్గర అబ్బాయి రెండు ఆధార్ కార్డులు చూసి, తాళం చెవి ఇచ్చాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గది తలుపు తీస్తే ఎదురుగా నీళ్లు. ఆ రాత్రి వరండాలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం, అంతే. ఎవరైనా చూస్తారేమోనని వెనక్కి తిరిగి చూడకుండా కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

మర్నాడు రాత్రి భోజనాల దగ్గర మాలాంటి జంటలే మరో రెండు మూడు కలిశాయి. మంచి ఇంగ్లీషు, మంచి ఉద్యోగాలు. పొద్దున్నే పడవ షికారుకు రమ్మని మమ్మల్నీ పిలిచారు. మాటల మధ్యలో ఒకాయన నా పూర్తి పేరు అడిగాడు. చెప్పాను. తెలుగు ఇంటిపేరు కదా, ఆయనకు అంతుపట్టలేదు. ‘అంటే మీరేమిటి?’ అన్నాడు. అదీ చెప్పాను. ‘ఓహో, ఫెలోషిప్ కోటాలో వచ్చిందన్నమాట’ అని నవ్వాడు. ఆ తర్వాత మాతో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. పొద్దున మేం లేచేసరికి పడవ వెళ్లిపోయింది.

మమ్మల్ని ఎవరూ గది ఖాళీ చేయమనలేదు. కర్రలు పట్టుకుని రాలేదు. నాకు మాత్రం ఆ పొద్దున బరోడా గుర్తొచ్చింది.

ఇక్కడ రైలెక్కితే రెండు మూడు గంటల్లో బరోడా. 1917లో బాబాసాహెబ్ అమెరికాలో, లండన్‌లో చదువుకుని, బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయడానికి అక్కడికి వచ్చారు. అంత చదువుకున్న మనిషికి ఆ ఊళ్లో అద్దెకు గది దొరకలేదు. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పి, రోజుకు రూపాయిన్నర ఇచ్చి ఉన్నారు. పదకొండో రోజు కొందరు పార్సీలు కర్రలతో వచ్చి, సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. తెలిసిన స్నేహితులు సాకులు చెప్పారు. బొంబాయి రైలు వచ్చేదాకా ఆయన పబ్లిక్ పార్కులో కూర్చున్నారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే రాసుకున్నారు ఇదంతా.

నేను ఆ పేజీలను మొదట కులం గురించే చదివాను. ఇప్పుడు చదివితే ఆ సత్రం రిజిస్టర్ కనబడుతోంది. తనది కాని పేరుతో పదిరోజులు తలదాచుకోవడం ఎలా ఉంటుందో, ‘కజిన్’ అని రాసిన ప్రతిసారీ నాకు కొంచెం తెలిసింది. రెండూ ఒకటే అని అనడం లేదు. ఆయనకు ఆ ఊరంతా తలుపు మూసింది. నేను కులం చెప్పకపోతే రిసార్టు బల్ల దగ్గర కూర్చోగలను, ప్రేమ చెప్పకపోతే మన బస్తీలో కూర్చోగలను. రెండూ చెప్పి కూర్చునే చోటు మాత్రం ఇంకా దొరకలేదు.

ఆ సత్రాన్ని బాబాసాహెబ్ మర్చిపోలేదని నా నమ్మకం. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చూడండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా దుకాణాల్లోకి, హోటళ్లలోకి ఎవరినీ రానివ్వకుండా ఆపకూడదంటుంది. 1948 నవంబర్ 29న దీని మీద చర్చ జరిగినప్పుడు, ‘దుకాణం’ అనే మాటను విశాలమైన అర్థంలోనే వాడామని ఆయన సభలో వివరించారు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ నుంచి మమ్మల్ని విడిపించినప్పుడు, ‘లింగం’ అనే మాటలో ఎవరిని ప్రేమిస్తామన్నదీ ఉందని న్యాయమూర్తులు చంద్రచూడ్, ఇందు మల్హోత్రా చెప్పారు. అంటే మా గది తాళం కూడా ఆయన రాసిపెట్టిన వాక్యంలోనే ఉంది.

కానీ ఆచరణ వేరు. అంటరానితనంతో హోటల్లోకి రానివ్వకపోతే శిక్షించడానికి 1955 నుంచి చట్టం ఉంది. గే అని గది ఇవ్వనివాడిని శిక్షించే చట్టం లేదు. 2023 అక్టోబర్ 17న మా పెళ్లిని గుర్తించడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2025 జనవరిలో ఓయో సంస్థ మీరట్‌లో జంటలను సంబంధం రుజువు చూపమనడం మొదలుపెట్టింది. మా సంబంధానికి కాగితం ఈ దేశంలో ఏ ఆఫీసూ ఇవ్వదు. మేం ఏం చూపించాలి?

మన సూరత్‌కు దగ్గర్లోనే రాజ్‌పిప్లా ఉంది. ఆ రాజకుటుంబం వారసుడు మానవేంద్రసింగ్ గోహిల్ 2006లో తాను గే అని బయటికి చెప్పారు. ఇంట్లోంచి గెంటేసినవాళ్ల కోసం 2018లో నర్మద ఒడ్డున తన స్థలాన్ని ఇచ్చారు. మంచి పని, ధైర్యమైన పని. కాకపోతే రాజుగారి స్థలంలో చోటు దొరకడం దయ. డబ్బు కట్టి రిసార్టులో ఉండటం కొనుగోలు. ఈ రెండూ హక్కు కావు.

ఇక్కడ మరమగ్గాల మీద 12 గంటల షిఫ్టు చేసే కుర్రాళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పగటి షిఫ్టువాడు లేచిన పరుపు మీదే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. వాళ్లలోనూ నాలాంటివాళ్లు ఉన్నారు. వాళ్లకు సముద్రం దాకా అక్కర్లేదు, తలుపు వేసుకునే గది చాలు. రేపు ఇద్దరు కుర్రాళ్లు మీ ఇంటి పైగది అద్దెకు అడిగితే, పెళ్లెప్పుడని అడక్కుండా ఇవ్వండి. పెళ్లి వద్దంటున్న కొడుకును ఊరికి తీసుకెళ్లి బలవంతంగా ముడిపెట్టకండి. ఒక ఆడపిల్ల జీవితం కూడా నాశనమవుతుంది. కులం పేరుతో మన ముఖం మీద తలుపు వేస్తే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం మనం. ఇంకొకరి ముఖం మీద మనం వేయకూడదు.

మా నాన్న వెనక వరసలో కూర్చున్నాడు. ఈ మాటలు చెప్తానని రాత్రే ఆయనతో అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ పిల్లగాడు అన్నం తింటడా, రొట్టె తింటడా?’ అని అడిగాడు. నాకు అది చాలు.

ఇక పిల్లలు ముందుకు వచ్చి కూర్చోండి. ఫెలోషిప్ గురించి చెప్తాను.

జై భీమ్.