తప్పుల్లోనూ తేడా వుంది

(మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వంటిల్లు సర్దుకుని ఇప్పుడే కాస్త నడుం వాల్చి వుంటారు. ఈ వేళప్పుడు క్యాన్సరు కబురేమిటని రేడియో కట్టెయ్యకండి. ముందు మా పిన్ని సంగతి చెబుతాను.

స్నానం చేస్తూంటే ఆవిడకు రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు గనక ఎవరితోనూ అనలేదు. మూడు నెలలకు ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర మెల్లిగా బయటపెట్టింది. తలా ఒక మాటా అన్నాం. "వేడి చేసి వుంటుంది" అని ఒకరు, "ఏమీ కాదులే, మా తోడికోడలికీ అలాగే వచ్చి పోయింది" అని ఇంకొకరు. అన్నవాళ్ళలో నేనూ వున్నాను. మరో ఐదు నెలలు అలాగే గడిచాయి. చివరికి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ, "ముందే తీసుకొస్తే ఇంత కోయవలసి వచ్చేది కాదేమో" అంది. పిన్ని ఇప్పుడు బాగానే వుంది. నా చెవుల్లోంచి మాత్రం ఆ "ఏమీ కాదులే" ఇంకా పోలేదు.

రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరు కానివే. అందుచేత "ఏమీ కాదులే" అన్నవాళ్ళ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. చిక్కంతా అక్కడే వుంది. ఈ చిక్కు మనకే కాదు, కంప్యూటర్లకూ వచ్చింది.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో విలియం వోల్‌బర్గ్ అనే డాక్టరుగారు 1989 నుంచి 1991 దాకా, రొమ్ము గడ్డల్లోంచి సన్నని సూదితో తీసిన కణాలను మైక్రోస్కోపు కింద పరీక్షించి లెక్కలు రాసి పెట్టారు. మొత్తం 699 కేసులు. కణాల గుంపు ఎంత మందంగా వుంది, పరిమాణం ఒకేలా వుందా, ఆకారం ఒకేలా వుందా, ఇలా తొమ్మిది లక్షణాలకు ఒకటి నుంచి పది దాకా మార్కులు. వాటిలో 241 క్యాన్సరని తేలాయి, 458 కావని తేలాయి. పేర్లు తెలియని ఆ స్త్రీల లెక్కల మీదే ప్రపంచమంతటా ఎందరో పరిశోధకులు కంప్యూటర్లకు పాఠాలు చెప్పారు. 1995లో డేవిడ్ ఫోగెల్, యూజీన్ వాసన్, ఎడ్వర్డ్ బౌటన్ అనే ముగ్గురు వీటితోనే ఒక కొత్త పద్ధతి ప్రయత్నించారు. దాన్ని పరిణామ పద్ధతి అందాం.

అదేమిటంటారా? మీకు ఆవకాయ పాళ్ళు ఎవరూ చెప్పలేదనుకోండి. ఇరవై జాడీల్లో ఇరవై రకాలుగా, తోచినట్టు ఉప్పూ కారం ఆవపిండీ కలిపి పెట్టారు. రుచి తెలిసిన అత్తగారు ఒక్కొక్కటే నాలిక మీద వేసుకుని మార్కులు వేస్తారు. బాగా లేనివి అవతల పారబోస్తారు. బాగున్న వాటిలో దీని కారం పాలూ, దాని ఉప్పు పాలూ తీసుకుని కొత్త జాడీలు పెడతారు. ఒకదాంట్లో కావాలనే చిటికెడు ఆవపిండి ఎక్కువ వేస్తారు. మళ్ళీ అత్తగారు, మళ్ళీ మార్కులు. మనకైతే మామిడికాయలూ, అత్తగారి ఓపికా రెండూ అయిపోతాయి. కంప్యూటరుకు ఆ బాధ లేదు. జాడీల బదులు "ఇలా వుంటే క్యాన్సరు, ఇలా వుంటే కాదు" అనే సూత్రాలుంటాయి. జవాబు ముందే తెలిసిన కేసుల మీద వాటిని పరీక్షించి, మంచివాటిని కలిపి, కొంచెం మార్చి, వందల తరాలు నడిపిస్తుంది. ఆఖర్న, దానికి ఎన్నడూ చూపించని కేసులిచ్చి అసలు పరీక్ష పెడతారు.

ఇంతకీ కీలకం ఆ అత్తగారి దగ్గర వుంది. మార్కులు ఎలా వేస్తున్నాం? వెయ్యిమంది స్త్రీల ఎక్స్‌రేలు తీస్తే ఐదుగురికి జబ్బు వుందనుకుందాం. "ఎవరికీ ఏమీ లేదు" అని కళ్ళు మూసుకుని చెప్పే సూత్రానికి వెయ్యికి 995 మార్కులు వచ్చేస్తాయి! ఆ ఐదుగురూ ఇంటికి వెళ్ళిపోతారు. మా ఇంట్లో మేం చేసిందీ ఇదే గదా. అందుకని లేని జబ్బు వుందన్న తప్పు కంటే, వున్న జబ్బు లేదన్న తప్పుకు ఎక్కువ మార్కులు కోసేలా కంప్యూటరుకు చెప్పవచ్చు. మొదటి తప్పుకు నాలుగు రోజుల దిగులూ, ఇంకో పరీక్షా ఖర్చు. అదీ తక్కువ బాధేం కాదు. కానీ రెండోదానితో పోల్చలేం.

ఇంగ్లండులో యార్క్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ స్మిత్, జూలియన్ మిల్లర్ మొదలైనవారు 2009 ప్రాంతంలో ఈ పద్ధతినే మామోగ్రామ్ మీద, అంటే రొమ్ము ఎక్స్‌రే మీద, వాడి చూశారు. అందులో ఒక్కొక్కప్పుడు ఉప్పురవ్వల్లాంటి తెల్లని చుక్కలు కనిపిస్తాయి. అవి సున్నపు రేణువులు. చాలావరకు నిరపాయమైనవే గాని, కొన్నిచోట్ల గుంపుగా చేరితే తొలిదశ క్యాన్సరుకు గుర్తు కావచ్చు. అలిసిన కంటికి జారిపోయే చుక్కలవి.

అయితే ఈ పరిణామ పద్ధతి చాలావరకు పరిశోధనశాలల్లోనే వుంది. రేపు ఆస్పత్రికి వెళ్ళి అడిగితే దొరికేది కాదు. అందాకా మనుషుల చేతులున్నాయి. టాటా మెమోరియల్ ఆస్పత్రి వారు 1998లో బొంబాయిలో మొదలుపెట్టి, లక్షన్నర మంది స్త్రీలను ఇరవై ఏళ్ళు గమనించారు. వారిలో సగం మందికి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చొప్పున నాలుగు విడతలు చేత్తోనే పరీక్ష చేశారు. జబ్బు ముందుగా బయటపడింది. యాభై దాటినవాళ్ళలో ఈ జబ్బు వల్ల మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి.

కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్ట పడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం లాంటిది కారినా, నొప్పి కోసం ఎదురు చూడకండి. తొలిదశలో చాలామందికి నొప్పి వుండదు. డాక్టరు మామోగ్రామ్ రాస్తే, ఆ రోజు చంకల్లో పౌడరూ సెంటూ రాసుకోవద్దు. వాటి రేణువులు ఫిల్ములో అచ్చం ఆ తెల్లచుక్కల్లాగే కనిపించవచ్చు. పాత ఫిల్ములు పారెయ్యకండి. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూస్తేనే డాక్టరుకు మార్పు తెలుస్తుంది. చోటు లేకపోతే పట్టుచీరల మడతల్లోనైనా దాచండి. మా పిన్ని అక్కడే దాచుకుంది.