భౌగోళిక సమాచార వ్యవస్థ: దాని ప్రయోజనములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా గ్రామమునకు విజ్ఞానదానము చేయుచున్న ఈ సంస్థ రజతోత్సవమున నాలుగు మాటలు చెప్పు అవకాశము కల్పించినందులకు కృతజ్ఞుడను. నేడు నేను మనవిచేయబోవు విషయము భౌగోళిక సమాచార వ్యవస్థ. దీనిని జి.ఐ.యస్. అని క్లుప్తముగా వ్యవహరింతురు. పేరు క్రొత్తదైనను దాని మూలసూత్రము మీరెరిగినదే.

మన గ్రామములలో భూమికి సంబంధించి గ్రామపటము, అడంగలు అని రెండు కలవు. అడంగలునే తెలంగాణమున పహాణీ యందురు. ఏ పొలము ఎచ్చట నున్నదో, దాని హద్దులెట్టివో పటము చూపును. అది ఎవరి అనుభవమందున్నదో, అందు ఏ పైరు వేసిరో అడంగలు తెలుపును. ఈ రెంటిని కలుపునది సర్వే నంబరు. ఇట్లు స్థలమును, ఆ స్థలమును గూర్చిన సమాచారమును ఒక్కచోట జేర్చి, కంప్యూటరు సాయమున ప్రశ్నించుటకు వీలు కల్పించునదే జి.ఐ.యస్.

ఇందు ఇంకొక సౌలభ్యము కలదు. నేలల పటము, కాలువల పటము, మిట్టపల్లముల పటము, రహదారుల పటము పలుచని కాగితములపై గీసి, ఒకదానిపై నొకటి పరచినట్లు భావింపుడు. కాలువ నీరందు నల్లరేగడి భూమి ఎంత, అందు బాటకు చేరువనున్నది ఎంత అని అడిగినచో క్షణములో సమాధానము లభించును. 1960వ దశకమున కెనడా ప్రభుత్వము తన విశాలభూములలో ఏది సేద్యమునకు, ఏది అడవులకు తగునో నిర్ణయింపబూనినది. అసంఖ్యాకములైన పటములను చేతితో పోల్చుట అలవికాని పని. ఆ పనిని కంప్యూటరునకు అప్పగించు మార్గమును రోజర్ టామ్లిన్సన్ అను భూగోళశాస్త్రజ్ఞుడు చూపెను. ఆయనను ఈ విద్యకు పితామహునిగా గౌరవింతురు.

అయినను యంత్రము పుట్టకమునుపే ఈ ఆలోచనావిధానము మానవునకు ఉపకరించినది. 1854లో లండను నగరమున, సోహో ప్రాంతమున కలరా ప్రబలెను. జాన్ స్నో అను వైద్యుడు మృతులలో పెక్కుమంది బ్రాడ్ వీధి పంపు నీరు త్రాగినవారని కనుగొనెను. ఆతని వాదము విని స్థానికాధికారులు సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని తీసివేయించిరి. పిమ్మట ఆతడు ప్రకటించిన పటమున మరణముల గుర్తులు ఆ పంపు చుట్టును దట్టముగా కానవచ్చును. కాని ఆ చేరువనే యున్న పేదల శరణాలయమున మరణములు స్వల్పము. కారణమేమని విచారింపగా, దానికి సొంత బావి కలదని తేలెను. పటము ప్రశ్నను లేవనెత్తును. సమాధానమునకై మనుష్యుని వద్దకు పోవలసినదే.

ఇక మన దేశమును చూతము. 1988 మార్చి 17న ఐ.ఆర్.యస్.-1ఎ అను దూరసంవేదన ఉపగ్రహము ప్రయోగింపబడినది. ఇట్టి ఉపగ్రహములు పంపు చిత్రములను హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రము సిద్ధపరచి ఉపయోగమునకు తెచ్చుచున్నది. 2009లో ఇస్రో సంస్థ ‘భువన్’ అను పేర పటములను ప్రజలందరికి అందుబాటులోనికి తెచ్చెను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలకొలది ప్రాణములు నీటిపాలైనవి. నేడు పల్లపు నేలలను, ఇండ్లను, బాటలను, తుపాను ఆశ్రయములను ఒకే పటమున చూచి, ఏ పల్లెవారిని ముందుగా తరలింపవలెనో, ఏ దారిన తరలింపవలెనో ముందే నిర్ణయింపవచ్చును.

ఈ విద్య మన గడపకును వచ్చినది. 2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వము స్వామిత్వ పథకమును ఆరంభించి, గ్రామములందలి ఇండ్ల స్థలములను డ్రోనులతో పటమునకెక్కించు పనికి పూనుకొనెను. డ్రోను పైకప్పును చూచును, గోడను చూచును. ఆ గోడ ఎవరిదో ఎరుగదు. కనుకనే అది ఎగురుటకు ముందు ఊరివారి సమక్షమున హద్దులను సున్నముతో గీయుదురు. ఆ గీత ఒక మూర ప్రక్కకు జరిగినచో పటమును, దానినిబట్టి వచ్చు పత్రమును తప్పిపోవును. యంత్రమున నున్నంతమాత్రమున తప్పు ఒప్పు కానేరదు. పైగా, యంత్రము చెప్పినదని జనులు దానిని ప్రశ్నింపజాలక వెనుదీయుదురు. ఆనాడు ఊరలేని వలసకూలి, చదువురాని విధవ, పొరుగువానికి ఎదురాడలేని బీదవాడు నష్టపోవుదురు.

కావున సున్నపు గీత గీయునాడు మీరందరు హద్దు వద్ద నిలువుడు. రానివారికి కబురంపుడు. ముసాయిదా పటము వెలువడినప్పుడు సరిచూచి, అభ్యంతరమున్న గడువులోపల వ్రాతమూలముగా తెలుపుడు. ఈ కార్యమునకు గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు. ఇచ్చట ఒక గోడకు గ్రామపటమును తగిలించి, చదువనేర్చినవారు చదువరాని వారికి వారి ఇంటిని, పొలమును చూపి వివరింపవలెనని నా విన్నపము. పుస్తకము చదువ నేర్పిన ఈ సంస్థ పటమును చదువుటయు నేర్పి, స్వర్ణోత్సవమునకు చేరుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.