సాఫ్ట్‌వేర్ మారింది, మరి డేటా?

సిద్దిపేట నుంచి మాట్లాడుతున్నా. పాత సిస్టమ్ మార్చడమంటే కోడ్ మార్చడమే అనుకుంటాం. మన భూముల రికార్డులే చూడండి.

2017లో ప్రక్షాళన చేసిన్రు, వివాదమున్న భూములు పార్ట్-బిలో పడ్డయి. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజు! కానీ పార్ట్-బి రైతుకు పాస్‌బుక్ రాలేదు, అది లేకుంటే అప్పట్ల రైతుబంధు కూడా రాకపోయేది. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది, అప్పీల్‌కు చట్టంలోనే దారి పెట్టిన్రు.

ఉప్పునీళ్లను కొత్త బిందెలో పోస్తే తియ్యగైతయా? అందుకే మైగ్రేషన్‌కు ముందే డేటా సరిచూడాలి, తప్పు దిద్దే దారి మొదటిరోజే ఉండాలి. స్క్రీన్ మీద ఒక్క వరుసే కావచ్చు, రైతుకు అదే బతుకు.

మళ్లీ కలుద్దాం.