మరల మరల వెలుగు పసుపు దీపము

(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సమావేశమున మేము పిల్లల చదువును గూర్చియు, హాజరును గూర్చియు మాటలాడుచుందుము. ఈసారి ఒక బండిని గూర్చి మాటలాడవలసి వచ్చినది. డెంకణికోట పరిసర గ్రామముల నుండి చిన్నపిల్లలను మన పాఠశాలకు తీసికొనివచ్చు సంఘపు కారులో, గడచిన వానకాలమున ఒక పసుపు దీపము వెలుగుటయు, ఆరుటయు, మరల వెలుగుటయు జరిగినది. “దీపము వెలిగిన నేమి, బండి నడచుచునే యున్నది గదా” అని కొందరనిరి. “ఆ సంగతి తేలువరకు మా పిల్లలను అందులో పంపము” అని మరికొందరనిరి. ఇరువురి మాటలోను కొంత న్యాయము గలదు. మీలో ననేకుల ఇండ్లలో నిప్పుడు కార్లున్నవి. కొందరికి టాక్సీయే జీవనాధారము. కావున ఆ దీపము చెప్పుచున్న దేమో తెలిసికొనుట అందరికిని అవసరము.

దానిపై నొక చిన్న కారు బొమ్మయు, దాని క్రింద వంకరలు తిరిగిన రెండు గీతలును ఉండును. స్థిరత్వ నియంత్రణమను ఏర్పాటునకు అది గుర్తు. ఇ.ఎస్.సి. యనియు, ఇ.ఎస్.పి. యనియు దీనినే అందురు. 1995లో బాష్ సంస్థయు, మెర్సిడెస్ బెంజి సంస్థయు దీనిని మొదట అమ్మకపు కార్లలో ప్రవేశపెట్టినవి. 1997లో స్వీడను దేశపు పత్రికవారొకరు ఆ మెర్సిడెస్ వారి చిన్నకారునే, దారికి అడ్డముగా జంతువు వచ్చినచో ఎట్లు తప్పింతురో అట్లు ఒక్కసారిగా ప్రక్కకు త్రిప్పి పరీక్షింపగా, అది బోర్లపడినది. అటుపిమ్మట ఆ సంస్థవారు ఆ రకపు కార్లన్నిటికిని ఈ ఏర్పాటును అమర్చిరి.

ఇది పనిచేయు విధము పిల్లలకు సైతము బోధపడును. నాలుగు చక్రములయొద్దను వేగమును కొలుచు సెన్సార్లు నాలుగుండును. స్టీరింగు ఎంత త్రిప్పబడెనో ఒక సెన్సారు చెప్పును. బండి నిజముగా ఎంత తిరుగుచున్నదో మరియొకటి చెప్పును. డ్రైవరు కోరిన దారి యొకటియు, బండి పోవు దారి మరియొకటియు ఐనప్పుడు, కంప్యూటరు ఏదో యొక చక్రమునకు మాత్రమే బ్రేకు వేయును. వెనుకభాగము జారి బండి ఎక్కువగా తిరిగినచో మలుపునకు వెలుపలి ముందు చక్రమునకును, తిరుగవలసినంత తిరుగక ముందునకు జారినచో లోపలి వెనుక చక్రమునకును ముఖ్యముగా వేయును. అవసరమైన ఇంజను బలమును కూడ తగ్గించును. ఎంత చేయి తిరిగిన డ్రైవరైనను తన పాదముతో నాలుగింటిలో ఒక్క చక్రమునే ఆపగలడా?

ఇప్పుడు దీపము సంగతి. బండి స్టార్టు చేయునప్పుడు అది కొద్ది సెకండ్లు వెలిగి ఆరిపోవుట మంచిదే. దీపము బాగుగా నున్నదని అర్థము. జారుడు రోడ్డుపై మినుకు మినుకుమని వెలిగినచో ఏర్పాటు ఆ క్షణమున పనిచేయుచున్నదని అర్థము. ఆరక స్థిరముగా వెలుగుచున్నచో, ఏర్పాటు ఆపివేయబడినదనియో, లోపము వచ్చినదనియో గ్రహింపవలెను. అప్పుడు కూడ సాధారణ బ్రేకులు పనిచేయును. కాని చక్రములు బిగిసిపోకుండ చూచు ఎ.బి.ఎస్. దీపమును, ఎర్రని బ్రేకు దీపమును కలిసి వెలిగినచో బండిని నెమ్మదిగా ప్రక్కకు తీసి ఆపవలసినదే.

మన బండిని మొదట తీసికొనిపోయిన వర్క్‌షాపువారు స్కానరు తగిలించి, లోపల నిలిచియున్న లోపపు సంఖ్యను చెరిపివేసి, రుసుము తీసికొని పంపిరి. నాలుగు దినములకు దీపము మరల వెలిగినది. హాజరుపట్టీలో గైర్హాజరు గుర్తును చెరిపినంత మాత్రమున పిల్లవాడు బడికి వచ్చినట్లగునా? రెండవ వర్క్‌షాపువారు బ్రేకు నూనెను నడుపు యంత్రభాగమునే మార్చవలెననిరి. వారు చెప్పిన వెల విని కోశాధికారిగారు కొంతసేపు మాటలాడలేదు. ఆ భాగము చెడదని కాదు. దాని జోలికి పోవుటకు ముందు చూడవలసినవి చాల గలవు.

అంతట మేము డ్రైవరు చేతికి ఒక నోటుపుస్తకము నిచ్చితిమి. దీపము వెలిగిన ప్రతిసారి తేదీ, వేళ, వాన యున్నదా లేదా, బండి ఎటు తిరుగుచున్నది, ఎంత వేగము, వేరే దీపములేమైన వెలిగినవా, అని వ్రాయుమంటిమి. మూడు వారములలో ఏడు పద్దులు పడినవి. ఏడును వానలోనో, వాన వెలిసిన వెంటనేనో. ఆరింటిలో బండి కుడివైపు తిరుగుచున్నది.

మన పూర్వవిద్యార్థి తండ్రి యొకరు మెకానిక్కు. ఆయన ఆ పుస్తకమును చదివిన తరువాతనే స్కానరును తీసిరి. ఇంజను సంఖ్యలను మాత్రమే చూపు చవుక పరికరము దీనికి చాలదు. బ్రేకుల కంప్యూటరుతో మాటలాడగలది కావలెను. సి 0035 అను సంఖ్య కనబడినది. ఎడమ ముందు చక్రపు వేగమును కొలుచు సెన్సారు మార్గమున లోపమని దాని భావము. సెన్సారే చెడినదని కాదు. తీగ, కనెక్టరు, దంతచక్రమునకు పట్టిన తుప్పు, వీనిలో ఏదైనను కావచ్చును. ఆయన ముందుభాగమును జాకీతో ఎత్తి, స్టాండు పెట్టి, స్టీరింగును పూర్తిగా కుడికి త్రిప్పి, చక్రమును చేతితో త్రిప్పుచు తీగను మెల్లగా కదలించిరి. స్కానరుపై వేగము సున్నకు పడినది. వేసవిలో షాకబ్జార్బరు మార్చినవారు తీగను పట్టియుంచు క్లిప్పును తిరిగి బిగింపలేదు. వ్రేలాడు తీగ రాచుకొని, పై రబ్బరు తొలగి, వాననీరు లోపలికి పోవుచుండెను. ఆ చోట తీగ నిత్యము వంగుచుండును గనుక అతుకు నిలువదని, తీగతో కూడిన క్రొత్త సెన్సారును వేసి, క్లిప్పు బిగించి, ఆ పిమ్మటనే సంఖ్యను చెరిపిరి.

అందరి బండ్లకును కారణ మిదియే కానక్కరలేదు. ఉదయము స్టార్టు చేయునప్పుడు మాత్రమే వెలుగునా? బ్యాటరీ చూడుడు. ఇంజను నడచునప్పుడు సుమారు 13.5 నుండి 14.5 వోల్టుల వరకు ఉండవలెను. చక్రముల అలైన్‌మెంటు చేయించిన తరువాత మొదలైనదా? స్టీరింగు సెన్సారునకు సున్న ఎక్కడనో మరల నేర్పవలసి యుండును. బ్రేకు పెడలు వద్దనున్న చిన్న స్విచ్చి చెడినను ఇదే దీపము వెలుగవచ్చును. వెనుక నొకరిని నిలువబెట్టి బ్రేకులైట్లు వెలిగి ఆరుచున్నవో లేవో చూచిన చాలును. ఇంజను దీపము తోడుగా వెలిగినచో ముందు ఇంజను లోపమునే వెదకవలెను.

టైర్ల సంగతి తొమ్మిదవ తరగతివారిచేత లెక్క కట్టించితిమి. 185/65 ఆర్ 15 టైరు వ్యాసము 621.5 మిల్లీమీటర్లు. ఆరు మిల్లీమీటర్లు అరిగినచో 609.5 అగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున క్రొత్తది నిమిషమునకు 512 చుట్లును, అరిగినది 522 చుట్లును తిరుగును. ఒక్క టైరు మాత్రమే క్రొత్తది వేసి, మూడింటిని పాతవి ఉంచినచో బండి తిన్నగా పోవుచున్నను కంప్యూటరునకు అనుమానము కలుగవచ్చును. గాలి ఒత్తిడి చూచుటకు ఖర్చే లేదు. అది మొదట చూడుడు. పాత బండి కొనువారు తాళము త్రిప్పగానే ఈ దీపము వెలుగునో లేదో గమనింపుడు. అసలు వెలుగనిచో ఎవరో దానిని మూసియుండవచ్చును.

దీపము వెలుగుచున్న దినములలో, మలుపులెక్కువ గల అంచెట్టి అడవిమార్గమున మేము బండిని పంపలేదు. ఆ పిల్లలు బస్సులలో వచ్చిరి. తల్లులు తెల్లవారకమునుపే లేచి వారివెంట నిలువవలసి వచ్చినది. ఆ కష్టము మేమెరుగుదుము. ఐనను బండి జారునో జారదో తేల్చుకొను పరీక్షకు పిల్లలను కూర్చుండబెట్టుటకు మాకు మనసొప్పలేదు. మరమ్మతు జరిగి నేటికి 40 దినములు. ఆ నడుమ తొమ్మిదిమార్లు వాన కురిసినది. డ్రైవరు పిల్లలు లేకుండ ఆ మార్గమున నాలుగుసార్లు పోయివచ్చెను. దీపము వెలుగలేదు.

నోటుపుస్తకము కార్యాలయమున నున్నది; తమ బండికి అట్టి పద్దులు వ్రాసికొనదలచినవారు వచ్చి చూడవచ్చును. వచ్చు సోమవారము నుండి బండి అంచెట్టి మార్గమున యథాప్రకారము నడచును. మొదటి ఊరినుండి 7 గంటల 15 నిమిషములకు బయలుదేరును. పిల్లలను ఐదు నిమిషములు ముందుగా సిద్ధము చేసి యుంచగోరుచున్నాము.