సెల్ఫు తీసుకొనని స్కూటరు

చిలమత్తూరు పల్లెలలో మల్బరీ సాగుచేయు రైతునకు పట్టుగూళ్లు దించిన దినమున తీరిక యుండదు. లోని పురుగు చిలుకయై గూటిని తొలుచుకొని వెలికి వచ్చెనా, ఆ గూటినుండి దారము తెగకుండ తీయుట పొసగదు. గూళ్లు వేళకు హిందూపురపు అంగడికి చేరవలెను. కొద్దిపాటి పంటయైనచో సంచులలో కట్టి స్కూటరుపైననే కొనిపోవువారు కలరు. అట్టి యుదయమున మీట నొక్కగా బండి ఉలకక పలుకక నిలిచెనేని ఆ యింటివారి తొందర యెట్లుండునో చెప్పనక్కరలేదు. దీనినే మావైపు "సెల్ఫు తీసుకొనుట లేదు" అందురు.

అప్పుడు మనవారు మొదట చేయునది మీటను మరల మరల నొక్కుట. అది కూడదు. ఇంజనును త్రిప్పు చిన్న మోటారు దీపమునకు వలసిన దానికంటె అనేక రెట్లు విద్యుత్తును లాగికొనును. ఐదు క్షణములకు మించి నొక్కరాదు. పిదప కొంత వ్యవధి నిచ్చి మరల నొక్కవలెను.

శ్రోతలారా, ఇచ్చట చెవియే మంచి వైద్యుడు. ఏ శబ్దమును లేదనుకొనుడు. బ్రేకు పట్టి, వెనుకటి యెఱ్ఱదీపము వెలుగుచున్నదేమో చూడుడు. బ్రేకు పట్టిననే గాని పెక్కు స్కూటర్లలో మోటారునకు విద్యుత్తు చేరదు. పిడి క్రింది స్విచ్చిలో మన యెఱ్ఱమట్టి దుమ్ము చేరినను దారి మూసికొనును. నే నెఱిగిన యొక యుపాధ్యాయురాలి బండికి ఒక దుకాణమున క్రొత్త మోటారునే వేసిరి. చెడినది ఆ చిన్న స్విచ్చి మాత్రమే! కొన్ని క్రొత్త బండ్లు ప్రక్క స్టాండు వేసి యున్నను కదలవు. ఇవి సరిగానున్నచో ఫ్యూజును చూడవలెను.

"టిక్కు టిక్కు" మను శబ్దము వచ్చుచున్నదా? రిలే పనిచేయుచున్నది, బ్యాటరీకి బలము చాలలేదు. హారను మ్రోగించిన తెలియును, గొంతు బొంగురుపోవును. నిలుకడగానున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల చాయకు చూపును. అయితే బ్యాటరీని మార్చుటకు ముందు దాని కొసలను చూడుడు. తెల్లనిదో పచ్చనిదో పొడి పట్టియున్నచో, మొదట ఋణధ్రువపు తీగను, తరువాత ధనధ్రువపు తీగను విప్పి, శుభ్రపరచి, బిగువుగా బిగించి, పైన కొంచెము వ్యాసలీను పూయవలెను. వేసవి మంటకు బ్యాటరీ ఆయువు తరుగును. మార్గశిర పుష్యముల చలికి దాని చుఱుకు తగ్గును. ఇంటినుండి తోటకు మాత్రమే తిరుగు బండికి పోయిన విద్యుత్తు మరల నిండదు. ఈ తుదికారణమును తలచువారు అరుదు.

మోటారు గిఱ్ఱున తిరిగి ఇంజను కదలకున్నచో ఆ రెంటిని కలుపు పళ్లచక్రమో, ఒకవైపు మాత్రమే పట్టు క్లచ్చియో అరిగినది. మోటారుపై మెల్లగా తట్టిన మాత్రమున తిరిగినచో లోని కార్బను బ్రష్షులు అరిగినవి. ఇది స్వల్పవ్యయముతో పోవును. ఇంజను చక్కగ తిరిగియు అంటుకొనకున్నచో దోషము సెల్ఫునది కాదు. పెట్రోలును, స్పార్కుప్లగ్గును చూడవలెను.

1912లో అమెరికాలో కాడిలాక్ కారునకు విద్యుత్తుతో నడచు స్టార్టరు అమర్చినప్పుడు చేతితో హ్యాండిలు త్రిప్పు శ్రమ తీరినది. మన స్కూటరునకు మాత్రము చిరకాలము కిక్కు తోడుండెను. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి ఆఱు నియమములు అమలయిన పిదప పెక్కు స్కూటర్లకు కార్బురేటరు పోయి ఇంధనమును చిమ్ము యంత్రము వచ్చినది. దానికి విద్యుత్తే ప్రాణము. బ్యాటరీ పూర్తిగ చచ్చినచో కిక్కు కొట్టినను ఫలము సందేహమే. కొన్నింటికి కిక్కే లేదు.

పిల్లలను పిలిచి త్రోయించుటయు వృథా. గేర్లుగల పాత చేతక్ బండిని త్రోసి రాజేయవచ్చునుగాని, నేటి గేరులేని స్కూటరులో ఇంజను వేగమందుకొన్నగాని క్లచ్చి పట్టదు. చక్రము తిరిగినను ఇంజను తిరుగదు. ఆ శ్రమ మాని, బ్యాటరీని విప్పి ఛార్జింగునకు పంపి, గూళ్ల సంచులను వచ్చిన ఆటోలో నెక్కింపుడు.